ముట్లుడిగిన స్త్రీల యెముకలు – పెరటి నల్లేరు



మన యిండ్లలో ఆడపిల్ల పుష్పవతియైన దినమున నువ్వులును బెల్లమును దంచి చిమ్మిలి చేసి పెట్టుట తరతరములనుండి వచ్చుచున్న ఆచారము. బిడ్డను కన్న తల్లికి కాయము తినిపింతురు, పథ్యము పెట్టుదురు, కొంతకాలము బరువుపని చెప్పరు. ఈ రెండు సమయములందును స్త్రీ దేహములో గొప్ప మార్పు కలుగుచున్నదనియు, దానికి తగిన ఆహారము కావలయుననియు మన పెద్దలెఱుగుదురు. కాని స్త్రీ జీవితములో అట్టి సమయము మూడవది యొకటి కలదు. అది ముట్లుడుగుట. ఆనాడు ఆమెకు చిమ్మిలి పెట్టువారు లేరు, కాయము తెచ్చువారు లేరు. "ఇంక ఆ బాధ తప్పినది" అని ఆమెయే యనుకొని మఱునాడు యథాప్రకారము కలుపుతీతకు పోవును. ఈ మూడవ సమయమును గుఱించి మనము చూపుచున్న యుపేక్షను సభ్యుల దృష్టికి తెచ్చుటయే ఈ వ్యాసముయొక్క యుద్దేశము.

విత్తనములను గుఱించియు, ఎరువులను గుఱించియు, అప్పుల వాయిదాలను గుఱించియు వ్రాయు ఈ పత్రికలో ఎముకల ప్రసంగ మేల యని కొందఱికి తోపవచ్చును. నాట్లు, కలుపు, కోత, పశువులమేత, పాలుపిదుకుట – ఈ పనులన్నియు ఎవరి నడుములమీద సాగుచున్నవో మనమెఱుగనిది కాదు. ఆ నడుములు వంగిపోయినచో మన సేద్యపు లెక్కలలో ఏ పద్దును నిలువదు. కావున ఇది సేద్యపు విషయమే. నేను వైద్యుడను కాను. ఇందు వ్రాయునది వైద్యులనడిగియు, చదివియు, నా యింట అనుభవించియు తెలిసికొన్నది.

ఎముక గోడలోని రాయివంటిది కాదు. అది సజీవమైనది. పాత యెముకను కరగించు కణములును, క్రొత్త యెముకను కట్టు కణములును అందు నిరంతరము పనిచేయుచుండును. ఇంచుమించు ముప్పదియేండ్ల ప్రాయమువఱకు కట్టుబడి హెచ్చుగా నుండును. పిమ్మట కొంతకాలము రెండును సరిసమానముగా నడచి, తరువాత మెల్లగా తఱుగుదల మొదలగును. స్త్రీల అండాశయములలో పుట్టు ఈస్ట్రోజెను అను రసము ఆ కరగించు కణములకు కళ్ళెమువంటిది. ముట్లుడిగినప్పుడు ఆ రసము తగ్గి కళ్ళెము వదలిపోవును. అందుచేత మొదటి అయిదాఱు సంవత్సరములలోనే ఎముక మిక్కిలి వేగముగా తఱుగును. పదింట ఒక వంతు, కొందఱిలో అయిదింట ఒక వంతువఱకును పోవచ్చును.

ఈ తఱుగుదలకు నొప్పి లేదు. చెదపురుగు తొలిచిన దూలము పైకి నున్నగా కనబడునట్లే ఆ యెముకయు కనబడును. జారిపడి చేయి నేలకానించినప్పుడు మణికట్టు విఱుగును. నీళ్ళబిందె ఎత్తినప్పుడు వెన్నుపూస నలిగిపోవును. మనిషి పొట్టియగును, గూని వచ్చును. "వయసు మీఱినది, నడుము వంగినది" అని మనము సరిపెట్టుకొందుము. చివరకు తుంటియెముక విఱుగును. తుంటి విఱిగి మంచమెక్కిన ముసలమ్మలలో ఎందఱు మరల తమ కాళ్ళపై నడచిరో ప్రతి సభ్యుడును తన వీథిలోనే లెక్కించుకొనవచ్చును.

మన ప్రాంతమునకు ఈ యాపద మఱింత త్వరగా వచ్చుటకు ప్రత్యేక కారణ మొకటి గలదు. 2015–16 నాటి జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో 15 మొదలు 49 ఏండ్ల వఱకుగల స్త్రీలలో గర్భసంచి తీయించుకొన్నవారు దేశము మొత్తముమీద నూటికి సుమారు 3 గురు కాగా, తెలంగాణములో సుమారు 8 మంది, ఆంధ్రప్రదేశములో సుమారు 9 మంది. వీరిలో అనేకులకు నలుబదియేండ్లు నిండకముందే ఆ శస్త్రచికిత్స జరిగినది. గర్భసంచితోపాటు అండాశయములను గూడ తీసివేసినచో పదేండ్లలో రావలసిన మార్పు ఒక్క దినములో వచ్చును. అండాశయములను ఉంచినను ముట్లుడుగు కాలము కొంత ముందునకు జరుగుట కలదు. తెల్లబట్టయనియు, నడుమునొప్పియనియు చెప్పి ముప్పదియైదేండ్ల కూలితల్లి గర్భసంచి తీయించుకొని వచ్చినప్పుడు, ఆమె యెముకలు ఏబదియేండ్ల స్త్రీ యెముకలవలె తఱుగుట మొదలుకావచ్చునని ఆమెకు చెప్పినవా రుండరు. అట్టివారు తమ చీటీలను భద్రపఱచుకొని, అండాశయములు తీసిరా లేదా యని తప్పక కనుగొనవలయును. తీసియున్నచో సహజముగా ముట్లుడుగు వయసువఱకు ఆ రసమును మందుగా నిచ్చు పద్ధతి కలదు. అది తనకు తగునో తగదో వైద్యుని అడిగి తెలిసికొనవలయును.

ఇంక మందుల మాట. ఎముకలనగానే మన పల్లెలలో మొదట వినవచ్చు పేరు నల్లేరు. కంచెలమీదను, రాళ్ళగట్లమీదను, నీరుపోయువారు లేకయే ప్రాకెడి ఈ తీగ నెఱుగని రైతు లేడు. నాలుగు పలకలుగా, కణుపు కణుపునకు సన్నగిలి, ఎముకలను వరుసగా గూర్చినట్లుండును. సంస్కృతములో దీనికి అస్థిశృంఖల యనియు వజ్రవల్లి యనియు పేళ్ళు కలవు. మన స్త్రీలు లేతకాడలను కోసి, చేతులకు నూనె రాచుకొని పీచు తీసి, నూనెలో బాగుగా మగ్గించి, చింతపండుతోను నువ్వులతోను ఎండుమిరపకాయలతోను నూఱి పచ్చడి చేయుదురు. అన్నములో కలుపుకొన్నచో రుచికరమైన పదార్థము. దీనిని తినవలదని చెప్పుటకు నేను ఈ వ్యాసము వ్రాయుటలేదు. మా యింటిలోను తినుచున్నాము.

శాస్త్రజ్ఞులును నల్లేరును పరీక్షింపక విడువలేదు. 1960 తరువాతి సంవత్సరములలో కాశీ హిందూ విశ్వవిద్యాలయపు వైద్యులు విఱిగిన యెముకలపై దీనిని ప్రయోగించి, అతుకు త్వరపడుచున్నదని ప్రకటించిరి. పిమ్మట అండాశయములు తీసివేసిన ఎలుకలకు నల్లేరుసారము నిచ్చి చూడగా ఎముక తఱుగుదల కొంత తగ్గినట్లు కనబడినది. ఇవి త్రోసివేయదగిన సంగతులు కావు. అయితే స్త్రీలపై జరిగిన పరీక్షలు చిన్నవి, కొలదినెలలలో ముగిసినవి. నల్లేరు తిన్నందువలన ముట్లుడిగిన స్త్రీకి తుంటి విఱుగు ప్రమాదము తగ్గినదని నిరూపించిన పెద్ద పరీక్ష ఇంతవఱకు లేదు. తెగిన గట్టునకు మట్టివేయుట వేఱు, ఏటేట కొట్టుకొనిపోవు నేలసారమును నిలుపుట వేఱు. విఱిగిన యెముకను అతికించుటకును, తఱుగుచున్న యెముకను కాపాడుటకును గల భేదమును ఈ పోలికవలన రైతు సులభముగా గ్రహింపగలడు.

"నల్లేరులో సున్నము మెండు, తిన్నచో ఎముకకు చేరును" అని కొందఱు వాదింతురు. నల్లేరు తాకినప్పుడు చేతులును, సరిగా మగ్గనిచో గొంతును దురదపెట్టుటకు కారణము అందలి సూదులవంటి కాల్షియము ఆగ్జలేటు స్ఫటికములు. ఆగ్జలేటుతో ముడివడిన కాల్షియము దేహమునకు అంతగా పట్టదు. ఈ లెక్క సామెతలోని నల్లేరుమీది బండినడకవలె సులువైనది కాదు.

నల్లేరువలన గలిగిన హాని స్వల్పము. నల్లేరు పేరు చెప్పి వచ్చిన మందువలన కలుగు హాని గొప్పది. ఇచ్చట నా యింటి సంగతి చెప్పుకొనక తప్పదు. మా పెద్దమ్మ ఏబదియేండ్లు దాటిననాటినుండి నడుమునొప్పియు మోకాళ్ళనొప్పియు ననుభవించుచుండెను. పచ్చడి తినెను, పట్టులు వేసెను. నొప్పి పూర్తిగా పోలేదు. అంతట సంతలో ఒకడు "నల్లేరును ఇతర వనమూలికలును కలిపిన చూర్ణ" మని చెప్పి పేరులేని పొట్లముల నమ్ముచుండగా కొనితెచ్చితిని. తెచ్చినవాడను నేనే. మూడవదినముననే నొప్పి మాయమైనది. ఆమె చేనికి పోయెను. ఇంటిల్లిపాదియు ఆ మందును కొనియాడిరి. నేను నెలనెల తెచ్చియిచ్చుచుంటిని. రెండేండ్లలో ఆమె ముఖము గుండ్రముగా ఉబ్బెను, ఆకలి హెచ్చెను, చర్మము పలుచబడి తాకినచోట నల్ల కమిలెను. ఒళ్ళు చేసినదని సంతోషించితిమి. ఒకనాటి వేకువను గడపదాటుచు తూలి పడెను. తుంటి విఱిగెను. పట్టణములోని వైద్యుడు రక్తపరీక్షలు చేయించి, మేము చూపిన పొట్లమును చూచి, ఇందు స్టీరాయిడు కలిసియుండవలయునని చెప్పెను. ఎముకను కాపాడునని నేను రెండేండ్లు తినిపించిన పొడియే ఎముకను గుల్లచేసినది.

ఇట్టివి మా యింటికే పరిమితము కావు. కీళ్ళనొప్పులకని అమ్మెడి లేబులులేని పొడులలోను గుళికలలోను స్టీరాయిడు మందులు రహస్యముగా కలిపియున్నట్లు పరీక్షలలో పలుమాఱులు బయటపడినది. స్టీరాయిడు నొప్పిని వాపును త్వరగా అణచును. వైద్యుడు తగిన రోగమునకు తగిన మోతాదులో ఇచ్చినప్పుడు ప్రాణము నిలుపును. తెలియక నెలలతరబడి తిన్నచో ఎముకను తినివేయును, మధుమేహమును పెంచును. కావున ఒక గుర్తు చెప్పెదను. మూలికవలన వచ్చు గుణము నెమ్మదియైనది. ఏండ్లనాటి నొప్పి రెండుమూడు దినములలో మంత్రించినట్లు పోయినచో సంతోషింపవలదు, అనుమానింపవలయును. మఱియొక ముఖ్యమైన హెచ్చరిక. చాలకాలముగా అట్టి పొడిని తినుచున్నవారు దానిని ఒక్కసారిగా మానరాదు. దేహము తనంతట ఆ రసమును పుట్టించుట మఱచియుండును గావున ప్రాణాపాయము కలుగవచ్చును. పొట్లమును చేతబట్టుకొని పెద్ద ఆసుపత్రికి పోయి, వైద్యుడు చెప్పిన క్రమములో తగ్గించుకొనవలయును.

మూలికలమీది మోజు మన దేశమునకే సొంతము కాదు. ముట్లుడిగిన స్త్రీలకు ఇచ్చు ఈస్ట్రోజెను–ప్రొజెస్టిను మందులపై అమెరికాలో జరుగుచున్న గొప్ప పరీక్షను 2002లో మధ్యలో నిలిపివేసిరి. ఆ మందులవలన ఎముకలు విఱుగుట తగ్గినను, రొమ్ము క్యాన్సరు, పక్షవాతము, రక్తపుగడ్డలు హెచ్చినవి. అంతట స్త్రీలు వేలకొలది సోయాచిక్కుడు మాత్రలవైపును ఇతర మూలికలవైపును మరలిరి. సోయాలోని సారమునకు ఈస్ట్రోజెనుతో కొంత పోలిక గలదు. కొన్ని పరీక్షలలో గుణము కనబడెను, కొన్నింటిలో కనబడలేదు. 2011లో ప్రకటింపబడిన అమెరికా పరీక్షలో 248 మంది స్త్రీలలో కొందఱికి దినమునకు 200 మిల్లీగ్రాముల సోయాసారమును, తక్కినవారికి ఉత్తమాత్రలను రెండేండ్లపాటు ఇచ్చి చూడగా, ఎముక తఱుగుటలో భేదము లేకపోయెను. సోయా మంచి పప్పుధాన్యము, దానిని వండుకొని తినవచ్చును. ఎముకను నిలుపు మందని నమ్మి మాత్రలకు సొమ్ము పోయరాదు.

మన పుత్తూరు కట్టును గుఱించి అడుగువారుందురు. చిత్తూరుసీమలోని ఆ యూరివారు ఆకుపసరును గ్రుడ్డుసొనయు పూసి వెదురుబద్దలతో కట్టుకట్టుటయందు తరతరముల నేర్పు గలవారు. దూరదేశములనుండియు జనులు వచ్చుచున్నారు. చిన్నవాని ముంజేయి విఱిగినప్పుడు కదలకుండ కట్టుటయే చికిత్సలో ప్రధానము. ముసలమ్మ తుంటియెముక మెడ విఱిగినప్పుడు సంగతి వేఱు. ఆ చోటు కట్టునకు లొంగదు. ఒకటిరెండు దినములలో శస్త్రచికిత్సచేసి లేపి కూర్చుండబెట్టనిచో, మంచమున పడియుండుటవలన పుండ్లును, ఊపిరితిత్తుల జబ్బును వచ్చి ప్రాణము తీయును. ఏది కట్టుకు తగును, ఏది తగదు అని తెలియుటకు ఎక్సురే తీయించుట ముందు జరుగవలసిన పని.

ఇన్ని చెప్పితివి, మఱి చేయవలసిన దేమి యని అడుగుదురు. మొదట వంటయింటికి పోదము. జాతీయ పోషకాహార సంస్థవారు హైదరాబాదునుండి 2020లో ప్రకటించిన లెక్క ప్రకారము, వయోజనులైన స్త్రీలకు దినమునకు 1000 మిల్లీగ్రాములు, ముట్లుడిగినవారికి 1200 మిల్లీగ్రాముల కాల్షియము కావలయును. నూఱుగ్రాముల తెల్లబియ్యములో అది సుమారు 10 మిల్లీగ్రాములే యుండును. అదే తూకము రాగులలో సుమారు 350, ఉలవలలో 250కి పైగా, మునగాకులో 300కు పైగా గలదు. ఒక గ్లాసు పాలలో ఇంచుమించు 250 దొరకును. పొట్టుతోనున్న నువ్వులలో వేయికి పైగా గలదు. అందు పెక్కుభాగము పొట్టులో ఆగ్జలేటుతో ముడివడి యుండుటచే అంతయు దేహమునకు పట్టకపోయినను, చెంచాడు నువ్వులపొడి అన్నములో వేసికొనుట మంచి యలవాటే. రాగులను నానబెట్టి మొలకెత్తించి, ఎండబెట్టి, దోరగా వేయించి విసరినచో కాల్షియమును బిగబట్టు ఫైటేటు అను పదార్థము తగ్గి మఱింత పుష్టికరమగును. రాయలసీమలో రాగులనియు, ఉత్తరాంధ్రమున చోళ్ళనియు, తెలంగాణములో తైదలనియు పిలుచు ఈ ధాన్యమును పండించిన చేతులకే అది నేడు దూరమైనది. బియ్యము చవుకగా వచ్చిననాటినుండి సంగటిముద్ద పేదతనపు గుర్తుగా నెంచబడినది. పట్టణములవారు దానిని కొనుటకు ముందునకు వచ్చుచుండగా మనము సంచులకెత్తి పంపుచున్నాము.

పాలసంగతి యింతకంటె చింతింపదగినది. వేకువనే లేచి గేదెను పిదుకునది స్త్రీ. కేంద్రమునకు మోసికొనిపోవునది తఱచుగా ఆమెయే. వెన్నశాతము కొలిచి పుస్తకములో అణాపైసలతో సహా వ్రాయుదురు. ఇంట మిగిలినదెంత, ఆ మిగిలినది ఎవరు త్రాగిరి అని వ్రాయు పుస్తకము లేదు. బిడ్డకు, భర్తకు, అల్లునికి పోయగా ఆమెకు మజ్జిగ తేటయే మిగులును. ఆమెకు మిగిలినది కంచెమీది నల్లేరు. అది వెలలేనిది గనుక ఆమెకిచ్చుటకు మనకు అభ్యంతరము లేదు. నా మనస్సును మిక్కిలి బాధించు సంగతి యిదియే. నల్లేరును మనము ఆమె మేలు కోరి పెట్టుచున్నామా, పాలగ్లాసునకు బదులుగా పెట్టుచున్నామా? ఎద్దు కాలు కుంటినదినమున పశువైద్యునికై మండలకేంద్రమునకు పరుగెత్తెడి యజమాని, భార్య నడుము పట్టినప్పుడు "కాస్త నల్లేరు పట్టు వేసికొనుము" అని చేనికి పోవుట మనము చూడనిది కాదు. నేనును అట్లు పోయినవాడనే.

ఆహారముతోపాటు ఎండ కావలయును. కాల్షియము ప్రేగులనుండి రక్తములో చేరుటకు డి విటమిను అవసరము. చేలలో పనిచేయువారికి దాని కొఱత యేమి యని అనుకొందుము. తిరుపతిలోని శ్రీవేంకటేశ్వర వైద్యవిజ్ఞాన సంస్థ పరిశోధకులు 2007లో ప్రకటించిన పరిశీలనలో, అక్కడి పట్టణవాసులలోనే కాక పల్లెవారిలోను ఆ విటమిను చాలమందికి తక్కువగా నుండుటయు, ఆహారములో కాల్షియము తక్కువగాను ఫైటేటు హెచ్చుగాను ఉండుటయు కనబడినది. చేనిపని మాని యింటిపట్టున నుండు వృద్ధస్త్రీకి ఆ కొఱత మఱింత సులభముగా కలుగును. రక్తపరీక్షవలన తెలిసికొని, వైద్యుడు చెప్పిన మోతాదును మాత్రమే తీసికొనవలయును.

నొప్పులన్నియు ఒకే కారణమున వచ్చునవి కావు. పొదిలి, దర్శి, కనిగిరి ప్రాంతములందును, నల్లగొండ ప్రాంతమునను భూగర్భజలములలోని ఫ్లోరైడు ఎముకలను పాడుచేయును. మన దేశములో మనుష్యులయందు ఈ వ్యాధిని వైద్యులు 1937లో ప్రకటించినది నాటి మదరాసు రాజధానినుండియే. అట్టి ఊళ్ళలో నల్లేరుకంటె ముందుగా మార్చవలసినది త్రాగునీరు. పొగాకును ఎముకలకు శత్రువు. అడ్డపొగ త్రాగు స్త్రీలుగల గ్రామములవారు ఈ సంగతిని గమనింతురుగాక.

మఱి పరీక్షమాట. ఎముక సాంద్రతను కొలుచు డెక్సా అను పరీక్ష గలదు. నొప్పిలేదు, సూదిలేదు, కొలదినిమిషముల పని. తఱుగుదల మితిమీఱియున్నచో వారమునకు ఒక్కమాఱు మ్రింగు మాత్రలును, ఏటికొకమాఱు ఎక్కించు సూదిమందును గలవు. తుంటియు వెన్నుపూసయు విఱుగుటను తగ్గించునని పెద్ద పరీక్షలలో తేలిన మందులివి. ఆ వారపు మాత్రను పరగడుపున నిండుగ్లాసు మంచినీటితో మ్రింగి, అరగంటసేపు పండుకొనక నిటారుగా నుండవలయును. లేనిచో అన్నవాహికలో పుండుపడును. ఏ మందువాడువారైనను తాము తినుచున్న మూలికలను వైద్యునికి దాచక చెప్పవలయును. రక్తము పలుచబడుటకును, మధుమేహమునకును, థైరాయిడునకును మందులు వాడువారికి ఇది మఱింత అవసరము. మూలికయు మందే. మందు మందుతో కలహించుట కలదు.

"డబ్బున్నవారికి పరీక్షలు, లేనివారికి నల్లేరు" అని కొందఱు సభ్యులు నాతో వాదించిరి. ఈ మాటలో న్యాయమున్నది. చేతిలో కాసులేని కూలితల్లిని డెక్సాకు పొమ్మనుట సులభము, పోవుట కష్టము. అందుకే సహకారమని ఒకటి పుట్టినది. ఒక్కడు కొనలేని ఎరువును నూఱుగురు కలిసి కొనుచున్నారు. ఒక్కతె పోలేని పరీక్షకు నూఱుగురు కలిసి పోలేరా? ఈ యాలోచనతో రాబోవు సర్వసభ్య సమావేశమునకు నాలుగు సూచనలు చేయుచున్నాను.

మొదటిది: సభ్యులు రాగులును, నువ్వులును, ఉలవలును అమ్ముటకు తెచ్చునప్పుడు ఇంటి వాడుకకు ఏడాదికి సరిపడునంత ముందుగా తీసి ఉంచవలయును. పండించనివారికి సంఘపు దుకాణములో ఈ ధాన్యములను కొన్న ధరకే అమ్మవలయును. రెండవది: ఏబదియేండ్లు దాటిన స్త్రీల పేళ్ళును, గర్భసంచి తీయించుకొన్నవారి పేళ్ళును, వారిష్టపడినచో, ఒక పట్టికగా వ్రాసి, జిల్లా ఆసుపత్రివారితో మాటలాడి ఏటికొక దినము ఎముకల పరీక్ష నేర్పాటు చేయవలయును. బండి ఖర్చు సంఘము భరింపవలయును. మూడవది: సంఘపు ఆవరణములో లేబులులేని చూర్ణములను, లేహ్యములను అమ్మనీయరాదు. నాలుగవది: పాలుపోయు ప్రతి యింటను దినమునకు ఒక గ్లాసు ఆ యింటి పెద్దావిడ పేర నిలుపవలయును. దీనికి తీర్మానము చాలదు, ప్రతి పురుషుడును తన యింట మాట యియ్యవలయును.

ఇంటిలో చేయవలసిన చిన్నపనులును గలవు. స్నానపుగదిలో పాచి గీకించుట, రాత్రి గడపవద్ద దీపముంచుట, కంటిపొర వచ్చినవారికి చికిత్స చేయించుట, బిందెను నడుమునుండి కాక మోకాళ్ళువంచి ఎత్తుట, ప్రతిదినము కొంతదూరము నడచుట. ఎముక విఱుగుటకు గుల్లదనము సగము కారణము, పడుట తక్కిన సగము.

మా పెద్దమ్మకు శస్త్రచికిత్స జరిగినది. ఇప్పుడు చేతికఱ్ఱతో అరుగువఱకు నడచును. మొన్న కార్తికమాసమున కంచెమీద నల్లేరు చిగిర్చినప్పుడు పచ్చడి చేయుమని కోడలి నడిగి తిన్నది. రాగిసంగటిలో నంజుకొని, గ్లాసెడు మజ్జిగ త్రాగినది. వారపు మాత్రను సోమవారమునాడు మఱువక వేసికొనుచున్నది. ఈ మూడింటికిని కలహము లేదు. ఒకదానిని చూపి తక్కినవానిని ఎగవేసినప్పుడే కీడు కలుగును.

మీ యింట ఈ యేడు ముట్లుడుగు తల్లియో, అక్కయో, భార్యయో యున్నచో, ఆమెకు ఆ దినమున పిడికెడు నువ్వులును బెల్లమును దంచి చిమ్మిలి పెట్టుడు. ఆ వేడుకతోనే ఆమె పేరును మన పట్టికలో వ్రాయించుడు. సభ్యులు తమ యభిప్రాయములను సమావేశమునకు ముందే కార్యదర్శిగారికి తెలుపగోరెదను.

ఇట్లు,
మీలో ఒక సభ్యుడు